కాలిఫోర్నియా: మరణశిక్ష ఉంది, అమలు లేదు. ఈ ముడి ఎక్కడ పడింది?

క్లుప్తంగా: కాలిఫోర్నియా చట్టంలో మరణశిక్ష ఇప్పటికీ ఉంది. రద్దు చేద్దామా అని అడిగినప్పుడల్లా ఓటర్లు వద్దన్నారు. అయినా 2006 తర్వాత ఒక్క శిక్ష కూడా అమలు కాలేదు. దీని మూలాలు 1938కీ 1972కీ మధ్య ఉన్నాయి. శిక్ష పొరపాటున పడకూడదని పెట్టిన జాగ్రత్తలు ఒకదాని మీద ఒకటి చేరి అమలును నెమ్మదింపజేశాయి. చివరికి ఆ ఆలస్యమే శిక్షకు వ్యతిరేకంగా ఒక వాదనగా మారింది.

అమెరికాలో మరణశిక్ష పడిన ఖైదీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఏదని అడిగితే చాలామంది టెక్సాస్ పేరు చెబుతారు. శిక్షల అమలులో టెక్సాస్‌దే మొదటి స్థానం, అది నిజమే. కానీ శిక్ష పడి ఎదురుచూస్తున్న వాళ్ల లెక్క తీస్తే ఏళ్లుగా కాలిఫోర్నియాదే పైచేయి. 2019 మార్చిలో గవర్నర్ గావిన్ న్యూసమ్ అమలును నిలిపేస్తూ ఆదేశం ఇచ్చిన నాటికి అక్కడ అలాంటి ఖైదీలు 737 మంది. చివరిసారి శిక్ష అమలైంది 2006 జనవరిలో. 1978 తర్వాత మొత్తం అమలైనవి 13 మాత్రమే.

దీనికి గవర్నర్ల రాజకీయాలనో, ఇంజెక్షన్ మందు మీద నడిచిన కేసులనో కారణంగా చెప్పడం మామూలే. అవి పైకి కనిపించే కారణాలు. అసలు కథ ఇంకాస్త వెనక ఉంది.

## తాడు పోయి గ్యాస్ వచ్చింది

మొదట్లో ఉరి తీయడం కౌంటీ షెరీఫ్ (జిల్లా స్థాయి పోలీసు అధికారి) పని. 1891లో వచ్చిన చట్టం ఆ పనిని రాష్ట్ర జైళ్లకు అప్పగించింది. శాన్ క్వెంటిన్ జైల్లో 1893లో, ఫోల్సమ్ జైల్లో 1895లో ఉరితీతలు మొదలయ్యాయి. శాన్ క్వెంటిన్‌లో 215 మందిని, ఫోల్సమ్‌లో 92 మందిని ఉరి తీశారు.

1937లో శాసనసభ ఉరిని తీసేసి విషవాయువును తెచ్చింది. తాడు పొడవు లెక్క తప్పితే ఏం జరుగుతుందో జైలు అధికారులు చూసి ఉన్నారు. పొరుగున ఉన్న నెవాడా 1924లోనే గ్యాస్‌ను మొదలుపెట్టింది. గ్యాస్‌తో నొప్పి ఉండదని, మనిషి నిద్రలోకి జారుకున్నట్టు పోతాడని అప్పటి నమ్మకం.

డెన్వర్‌లో తయారైన ఉక్కు గది 1938లో శాన్ క్వెంటిన్ చేరింది. ఎనిమిది పలకల గది, చుట్టూ అద్దాల కిటికీలు, లోపల లేత ఆకుపచ్చ రంగు, పక్కపక్కనే రెండు కుర్చీలు. కుర్చీల అడుగున చిల్లులు, వాటి కింద సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీళ్ల పాత్ర. సైనైడ్ గుళికలను పల్చటి గుడ్డలో మూటగట్టి యాసిడ్‌కి పైన వేలాడదీస్తారు. ఖైదీని పట్టీలతో కట్టేసి, ఛాతీకి స్టెతస్కోప్ అతికించి, దాని గొట్టాన్ని గోడలోంచి బయట ఉన్న డాక్టర్ దాకా తీసుకెళ్తారు. తలుపు బిగించాక బయటి నుంచి మీట వేస్తే మూట యాసిడ్‌లో మునుగుతుంది. ఇక ఆ తర్వాత ఆపడానికి దారి లేదు. మూట పడ్డాక తలుపు తీస్తే బయట ఉన్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. ఆఖరి నిమిషంలో వచ్చిన స్టేలు ఎందుకు పనికిరాకుండా పోయాయో అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1938 డిసెంబరు 2న ఆ రెండు కుర్చీల్లోనూ ఒకేసారి ఇద్దరిని కూర్చోబెట్టారు. అప్పటి నుంచి 1967 దాకా 194 మంది ఆ గదిలో చనిపోయారు. వాళ్లలో నలుగురు మహిళలు. పాత చట్టం కింద నేరం చేసినవాళ్లకు మాత్రం ఉరే కొనసాగింది. ఆ లెక్కలో చివరి ఉరి 1942లో జరిగింది. 1940 నుంచి 1951 దాకా వార్డెన్‌గా ఉన్న క్లింటన్ డఫీ తన ఉద్యోగ కాలంలో 90 మందికి శిక్ష అమలు చేయించాడు. పదవి దిగాక మరణశిక్షకు వ్యతిరేకంగా ఊరూరా ప్రసంగాలు చేసింది కూడా ఆయనే.

అదే కాలంలో మిసిసిపీ పద్ధతి పూర్తిగా వేరు. 1940లో ఆ రాష్ట్రం ఎలక్ట్రిక్ కుర్చీని లారీలో వేసుకుని కౌంటీ నుంచి కౌంటీకి తిప్పింది. నేరం జరిగిన ఊళ్లోనే, అక్కడి కోర్టు భవనంలోనే పని కానిచ్చేవాళ్లు. 1955లో గ్యాస్ గది కట్టుకునే దాకా అక్కడ అదే తీరు. కాలిఫోర్నియాలో మాత్రం శిక్ష ఊళ్లోంచి జైలు గోడల వెనక్కి, జైల్లోంచి మూసిన ఉక్కు గదిలోకి జరిగింది. జనానికి కనిపించే భాగం తగ్గేకొద్దీ కాగితాల భాగం పెరిగింది.

## హత్య ఒక్కదానికే కాదు

శతాబ్దం మధ్యలో కాలిఫోర్నియాలో మరణశిక్ష పడగల నేరాల్లో మొదటిది ఫస్ట్ డిగ్రీ హత్య. రాజద్రోహం, రైలును పడగొట్టడం, అబద్ధపు సాక్ష్యంతో ఒక మనిషికి మరణశిక్ష పడేలా చేయడం కూడా పుస్తకాల్లో ఉన్నాయి కానీ వాటి వాడకం దాదాపు లేదు. నిజంగా వాడుకలో ఉండి, వివాదం రేపినవి వేరే రెండు సెక్షన్లు.

ఒకటి 4500వ సెక్షన్. యావజ్జీవ ఖైదీ జైల్లో ఎవరి మీదైనా తీవ్ర గాయం కాగల రీతిలో దురుద్దేశంతో దాడి చేస్తే మరణశిక్ష తప్పనిసరి, అవతలి మనిషి చనిపోకపోయినా సరే. వెస్లీ రాబర్ట్ వెల్స్ అనే నల్లజాతి ఖైదీకి, గార్డు మీదకి ఉమ్మితొట్టి విసిరినందుకు ఈ సెక్షన్ కింద మరణశిక్ష పడింది. గార్డు బతికాడు. పెద్ద ఎత్తున ఉద్యమం నడిచాక, 1954లో గవర్నర్ గుడ్విన్ నైట్ ఆ శిక్షను పెరోల్ లేని యావజ్జీవంగా మార్చాడు.

రెండోది కిడ్నాప్ సెక్షన్ 209. 1932లో పేరున్న విమాన చోదకుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డ అపహరణ, హత్య దేశాన్ని కుదిపేశాయి. ఆ వేడిలో రాష్ట్రాలు వరుసగా కిడ్నాప్ చట్టాలను బిగించాయి. కాలిఫోర్నియా 1933లో చేసిన సవరణ ప్రకారం, దోపిడీ కోసం మనిషిని పట్టుకుని శారీరకంగా హాని చేస్తే మరణశిక్ష వేయొచ్చు. ఎంత దూరం తీసుకెళ్లాలన్న నిబంధన లేదు. దాంతో మామూలు దోపిడీకీ కిడ్నాప్‌కీ మధ్య గీత చెరిగిపోయింది.

దక్షిణాది రాష్ట్రాల్లో మానభంగానికి నేరుగా మరణశిక్ష ఉండేది. 1930 నుంచి 1967 దాకా దేశంలో ఆ నేరానికి 455 మందికి శిక్ష అమలు చేశారు. వాళ్లలో 405 మంది నల్లవాళ్లు. కాలిఫోర్నియా చట్టంలో ఆ నేరానికి మరణశిక్ష లేదు. అక్కడ ఆ ఖాళీని ఒక్కోసారి కిడ్నాప్ సెక్షన్ పూరించింది. కెరిల్ చెస్‌మన్ కేసు అలాంటిదే.

## చెస్‌మన్: పన్నెండేళ్ల కేసు

1948 జనవరిలో లాస్ ఏంజిలెస్ కొండదారుల్లో కార్లు ఆపుకుని కూర్చున్న జంటల దగ్గరికి పోలీసు కారులాగా ఎర్రలైటు పెట్టుకున్న ఒక కారు వచ్చేది. అందులోంచి దిగిన మనిషి తుపాకి చూపించి డబ్బు గుంజేవాడు. రెండు సంఘటనల్లో స్త్రీలను తన కారులోకి ఎక్కించుకుని లైంగిక దాడి చేశాడు. అప్పటికే జైలుకెళ్లొచ్చిన చెస్‌మన్‌ను ఆ నెలలోనే పట్టుకున్నారు. నేను కాదన్నాడు, చివరిదాకా అదే మాట మీద ఉన్నాడు. లాయరును వద్దని తన కేసు తానే వాదించుకున్నాడు. మే నెలలో జ్యూరీ (తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) 17 ఆరోపణల్లో దోషి అని తేల్చి, కిడ్నాప్ కింద రెండు మరణశిక్షలు వేసింది. ఒక బాధితురాలిని అతను తీసుకెళ్లిన దూరం 22 అడుగులు. తన కారు నుంచి అతని కారు దాకా, అంతే.

అతని చేతిలో ఎవరూ చనిపోలేదు. ఈ ఒక్క అంశమే తర్వాత ప్రపంచమంతా చర్చ రేపింది. అయితే కేసును పన్నెండేళ్లు నడిపించింది అది కాదు. కోర్టు రిపోర్టర్ మరణం.

విచారణ మొత్తాన్ని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్న రిపోర్టర్, ఆ నోట్సులో మూడోవంతు మాత్రమే టైపు చేయించి, 1948 వేసవిలో చనిపోయాడు. మిగిలింది వేరే మనిషి చదివి టైపు చేశాడు. ఆ రెండో మనిషి ప్రాసిక్యూటర్‌కు బంధువు. ఆ రికార్డు సరిగానే ఉందని ఖరారు చేసేటప్పుడు చెస్‌మన్‌ను గానీ అతని తరఫున ఎవరినీ గానీ పిలవలేదు. కాలిఫోర్నియాలో 1935 నుంచి మరణశిక్ష పడిన ప్రతి కేసూ, ఖైదీ అడిగినా అడగకపోయినా, రాష్ట్ర సుప్రీంకోర్టుకు అప్పీలుగా వెళ్తుంది. ఆ అప్పీలుకు ఆధారం విచారణ రికార్డే. పునాదిలాంటి ఆ రికార్డే అనుమానంగా ఉంటే పైన కట్టింది ఎలా నిలుస్తుంది? చెస్‌మన్ ఈ ప్రశ్నను పట్టుకున్నాడు. జైలు గదిలో కూర్చుని చట్టం చదివి, పిటిషన్ మీద పిటిషన్ వేశాడు. మధ్యలో రాసిన ఆత్మకథ బాగా అమ్ముడుపోయి లాయర్ల ఖర్చుకు పనికొచ్చింది.

1957 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు అతనితో ఏకీభవించింది. రికార్డు ఖరారులో అతనికి మాట చెప్పే అవకాశం ఇవ్వకపోవడం రాజ్యాంగ విరుద్ధమంది. ఆ కేసులో ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ పాల్గొనలేదు. చెస్‌మన్‌కు శిక్ష పడిన ఏడాది కాలిఫోర్నియా గవర్నర్ ఆయనే. తీర్పుతో కేసు కిందకు వెళ్లింది, రికార్డు మీద విచారణ జరిగింది, దిద్దుబాట్లు చేశారు, శిక్ష మాత్రం నిలిచింది. ఈలోగా 1951లోనే శాసనసభ 209వ సెక్షన్‌ను సవరించి, మనిషిని నిజంగా తరలిస్తేనే కిడ్నాప్ అవుతుందని కుదించింది. కానీ పాత శిక్షలకు అది వర్తించలేదు.

## గవర్నర్ చేతిలో ఎంత ఉంది?

1960 ఫిబ్రవరి 18 రాత్రి, శిక్షకు కొన్ని గంటల ముందు, గవర్నర్ ఎడ్మండ్ పాట్ బ్రౌన్ 60 రోజుల గడువు ఇచ్చాడు. ఆయన మరణశిక్షకు వ్యతిరేకి, కానీ ఈ కేసులో శిక్ష తగ్గించే అధికారం ఆయనకు లేదు. రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం, రెండుసార్లు శిక్ష పడిన నేరస్తుడికి క్షమాభిక్ష ఇవ్వాలంటే రాష్ట్ర సుప్రీంకోర్టులో మెజారిటీ జడ్జిలు సిఫారసు చేయాలి. కోర్టు 4–3తో నో అంది. బ్రౌన్ చేతిలో మిగిలింది గడువు ఒక్కటే.

ఆ రాత్రి రెండు విషయాలు ఆయన్ని కదిలించాయి. ఒకటి, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఉరుగ్వే పర్యటనలో చెస్‌మన్ విషయమై నిరసనలు ఎదురవుతాయని విదేశాంగ శాఖ పంపిన టెలిగ్రామ్. రెండోది, కొడుకు జెర్రీ చేసిన ఫోను. శాసనసభ ముందుకు రద్దు బిల్లు పంపమని జెర్రీ అడిగాడు. బ్రౌన్ ప్రత్యేక సమావేశం పిలిచాడు. మార్చిలో రాష్ట్ర సెనేట్ జ్యుడీషియరీ కమిటీలో బిల్లు 8–7తో ఓడిపోయింది. తర్వాత ఏ బహిరంగ సభకు వెళ్లినా బ్రౌన్‌కు జనం గోల తప్పలేదు.

మే 2 ఉదయం శాన్‌ఫ్రాన్సిస్కోలో చెస్‌మన్ లాయర్లు ఫెడరల్ జడ్జి లూయీ గుడ్‌మన్ ముందు ఉన్నారు. వాదన వినడానికి కాస్త టైం కావాలి, అప్పటిదాకా ఆపమని చెప్పండని జడ్జి ఒప్పుకున్నాడు. జైలుకు ఫోను చేయడంలో సెక్రటరీ నంబరు తప్పింది. మళ్లీ డయల్ చేసి లైన్ కలిసేసరికి గుళికలు యాసిడ్‌లో పడిపోయాయి.

ఇది ఒక్కసారి జరిగిన ప్రమాదం అనుకోవడానికి లేదు. 1957 మార్చిలో బర్టన్ అబాట్ విషయంలోనూ గవర్నర్ నైట్ ఆపమని పంపిన మాట జైలుకు చేరేసరికి గ్యాస్ మొదలైంది. 1955 జూన్‌లో బార్బరా గ్రాహంను ఉదయం 10 గంటలకని సిద్ధం చేసి, స్టేల వల్ల రెండుసార్లు ఆపి, చివరికి గంటన్నర తర్వాత గదిలోకి తీసుకెళ్లారు. కోర్టులు ఆఖరి నిమిషం దాకా తెరిచే ఉండటం వల్లే ఇలా జరిగేది. తొందరపడితే స్టే చేరే లోపు మనిషి పోతాడు, ఆగితే అదే పొద్దున మనిషిని రెండు మూడుసార్లు చావుకు సిద్ధం చేయాల్సి వస్తుంది. ఈ పద్ధతిలో మూడో దారి లేదు.

బ్రౌన్ పదవిలో ఉన్న ఎనిమిదేళ్లలో 59 మంది ఫైళ్ల మీద నిర్ణయం తీసుకున్నాడు. 23 మందికి శిక్ష తగ్గించాడు, 36 మందిని గ్యాస్ గదికి వెళ్లనిచ్చాడు. మరణశిక్షను వ్యతిరేకించే మనిషి హయాంలో 36 అంటే ఆశ్చర్యం అనిపిస్తుంది. చట్టం ఉన్నంతకాలం ప్రతి ఫైలునూ తన నమ్మకంతో కొట్టేస్తే అది ఒక్క మనిషి చేసిన రద్దు అవుతుందన్న అభిప్రాయం అప్పట్లో గట్టిగా ఉండేది.

## నాలుగేళ్ల ఖాళీ

1963 జనవరి తర్వాత శాన్ క్వెంటిన్ గ్యాస్ గది 1967 ఏప్రిల్ దాకా ఖాళీగా ఉంది. బిల్లు ఓడిపోయింది, చట్టం మారలేదు, జ్యూరీలు శిక్షలు వేస్తూనే ఉన్నాయి. మరి ఎందుకు ఆగింది?

సమాధానం 1957 చట్టంలో మొదలవుతుంది. అప్పటిదాకా దోషి అవునా కాదా, ఏ శిక్ష వేయాలి అన్నవి రెండూ ఒకే విచారణలో తేలేవి. 1957 నుంచి ఆ రెంటినీ విడదీసి, శిక్ష కోసం వేరుగా రెండో విచారణ పెట్టారు. చాలా రాష్ట్రాల్లో ఇంకా లేని రోజుల్లో వచ్చిన మంచి సంస్కరణ ఇది. అయితే విచారణ రెండైనప్పుడు పొరపాట్లు దొర్లే చోట్లూ రెండయ్యాయి. రెండో విచారణలో జ్యూరీకి ఏం చెప్పొచ్చు? యావజ్జీవం వేస్తే మనిషి కొన్నాళ్లకు పెరోల్ మీద బయటికొస్తాడని ప్రాసిక్యూటర్లు చెప్పేవాళ్లు, జడ్జిలూ చెప్పేవాళ్లు. 1964లో మోర్స్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు అలా చెప్పడం తప్పంది. ఆ తప్పు దాదాపు ప్రతి కేసులోనూ జరిగింది కాబట్టి, పెండింగులో ఉన్న మరణశిక్షలు వరసగా కొట్టుడుపోయి, శిక్ష వరకూ మళ్లీ విచారణకు వెళ్లాయి. పోలీసులు నేరాంగీకారం తీసుకునే తీరు మీద అమెరికా సుప్రీంకోర్టు అవే ఏళ్లలో ఇచ్చిన తీర్పులు ఇంకొన్ని కేసులను వెనక్కి పంపాయి.

ప్రజాభిప్రాయమూ జారుతోంది. 1966 గాలప్ సర్వేలో దేశవ్యాప్తంగా మరణశిక్షను సమర్థించినవాళ్లు 42 శాతం, వ్యతిరేకించినవాళ్లు 47 శాతం. అయినా కాలిఫోర్నియాలో శిక్షలు ఆగింది ఓట్ల వల్ల అనుకోవడం తప్పు. అదే ఏడాది బ్రౌన్‌ను ఓడించి రోనాల్డ్ రేగన్ గవర్నరయ్యాడు. 1967 ఏప్రిల్ 12న ఆరన్ మిచెల్‌కు శిక్ష అమలైంది. అతను ఒక పోలీసును చంపిన కేసులో దోషి. ఇంకో ఖైదీకి రేగనే మెదడు దెబ్బతిన్నదన్న కారణంతో శిక్ష తగ్గించాడు. ఆ తర్వాత ఖైదీలందరి తరఫున ఫెడరల్ కోర్టులో వేసిన కేసు రాష్ట్రమంతా అమలును ఆపేసింది. మిచెల్ తర్వాత ఆ గదిలోకి మరో మనిషి వెళ్లడానికి పాతికేళ్లు పట్టింది.

## 1972: ఆలస్యమే నేరమైంది

1972 ఫిబ్రవరి 18న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆండర్సన్ కేసులో 6–1తో మరణశిక్షను కొట్టేసింది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి డొనాల్డ్ రైట్‌ను నియమించింది రేగనే. తీర్పులోని తర్కం గమనించదగ్గది. క్రూరత్వం చంపే క్షణంలోనే లేదు, అంతకుముందు న్యాయ ప్రక్రియ ముగిసేదాకా ఏళ్ల తరబడి నిర్బంధంలో ఎదురుచూడటం మనిషిని మనిషిగా ఉండనీయదని కోర్టు అంది. అప్పీళ్లు, స్టేలు, రికార్డు ఖరారు, రెండో విచారణ... ఖైదీ రక్షణ కోసం పెట్టినవన్నీ కలిసి పెంచిన ఆ ఎదురుచూపే శిక్షను చెల్లకుండా చేసింది. 107 మంది శిక్షలు యావజ్జీవంగా మారాయి. చార్లెస్ మాన్సన్, రాబర్ట్ కెనడీని చంపిన సిర్హాన్ సిర్హాన్ వాళ్లలో ఉన్నారు. ఈ రెండు పేర్లే తీర్పు మీద జనాగ్రహానికి చాలినంత. నవంబరులో మూడింట రెండు వంతుల ఓట్లతో రాజ్యాంగ సవరణ నెగ్గి మరణశిక్ష తిరిగొచ్చింది.

మిగతా రాష్ట్రాలు వేరే దారుల్లో నడిచాయి. ఒరెగాన్‌లో 1964లో ఓటర్లే రద్దు చేశారు, 1978లో ఓటర్లే తిరిగి తెచ్చుకున్నారు. అయోవాలో 1965లో శాసనసభ రద్దు చేసింది, అది అలాగే నిలిచింది. డెలావేర్ 1958లో తీసేసి మూడేళ్లకే పెట్టుకుంది. ఈ మూడు చోట్లా నిర్ణయం అటో ఇటో స్పష్టంగా ఉంది. కాలిఫోర్నియాలో ఓటర్లు ఒకవైపు, విధానం మరోవైపు లాగాయి.

ఆలస్యం గురించిన ఈ తర్కం మన దేశంలోనూ వినిపించింది. 1972 అక్టోబరులో జగ్‌మోహన్ సింగ్ కేసులో అమెరికా తీర్పులను ముందుపెట్టి వాదిస్తే, అక్కడి అనుభవాన్ని ఇక్కడికి తెచ్చి అతికించలేమని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కానీ 1974లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఈడిగ అనమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చినప్పుడు, రెండేళ్లకు పైగా ఉరి భయంతో ఆమె గడిపిన కాలాన్ని కూడా కారణాల్లో లెక్కేశారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా పనిచేసిన జస్టిస్ చిన్నపరెడ్డి 1983లో వతీశ్వరన్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, రెండేళ్లు దాటిన ఆలస్యం ఉంటే శిక్ష తగ్గింపు కోరవచ్చన్నారు. నెలల్లోనే మరో ధర్మాసనం ఆ రెండేళ్ల గీతను ఒప్పుకోలేదు.

## ఇప్పుడు ఏం జరగొచ్చు

1977లో శాసనసభ కొత్త మరణశిక్ష చట్టం తెస్తే గవర్నర్ వీటో చేశాడు. ఆ గవర్నర్ జెర్రీ బ్రౌన్, 1960లో తండ్రికి ఫోను చేసిన కొడుకే. శాసనసభ వీటోను తోసేసింది. 1978లో ఓటర్లు దాన్ని ఇంకా విస్తరించారు. 1992లో గ్యాస్ గదిని మళ్లీ వాడితే, 1994లో ఫెడరల్ జడ్జి ఆ పద్ధతే క్రూరమన్నారు. ఇంజెక్షన్ వచ్చింది, 2006లో దాని మీదా స్టే పడింది.

2016లో ఓటర్లు రద్దును ఓడించి, 66వ ప్రతిపాదనను నెగ్గించారు. అప్పీళ్లు అయిదేళ్లలో ముగించాలన్నది అందులో ముఖ్యమైన అంశం. మరుసటి ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందంటూనే, అయిదేళ్ల గడువు కోర్టులను కట్టిపడేసేది కాదు, లక్ష్యం మాత్రమే అంది. 2019 ఆదేశంతో న్యూసమ్ అమలును ఆపడమే కాకుండా ఇంజెక్షన్ నిబంధనలను ఉపసంహరించి, శాన్ క్వెంటిన్‌లోని గదిని విప్పించాడు. తర్వాత అక్కడి మరణశిక్ష ఖైదీలను వేరే జైళ్లకు తరలించారు. ఆ ఆదేశం గవర్నర్ మారితే పోగలదు, ఆయన పదవీకాలం 2027 జనవరిలో ముగుస్తుంది. కానీ కొత్త గవర్నర్ మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే ముందు ఇంజెక్షన్ నిబంధనలు కొత్తగా రాయాలి, వాటి మీద జనం అభ్యంతరాలు వినాలి, తర్వాత వాటి మీద కేసులు నడవాలి. ఈలోగా జ్యూరీలు మరణశిక్షలు వేయడాన్ని ఆపే నిబంధన ఏదీ లేదు.